బిడ్డ క్షేమం సరే, తల్లి సంగతి?

మన ఇళ్లలో కాన్పు కబురు రెండు ముక్కల్లో వస్తుంది. ఆడపిల్లో మగపిల్లాడో ముందు చెప్తారు, ఆ వెంటనే "తల్లీబిడ్డా క్షేమం" అంటారు. ఆ రెండో ముక్క చెవిన పడితే గానీ పెద్దవాళ్లు ఊపిరి పీల్చుకోరు. ఆడదానికి పురుడంటే పునర్జన్మ అని మనవాళ్లు అన్నది ఎన్నో ఇళ్లలో ఎన్నో చావులు చూశాకే.

ఒక్క మాటలో కలిపేశాం కాబట్టి తల్లి క్షేమం, బిడ్డ క్షేమం ఒకటే అనిపిస్తుంది. బిడ్డను కాపాడే ఏర్పాటు చేస్తే తల్లి కూడా దాంతోపాటే బతుకుతుందని అనుకుంటాం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంగ్లాండ్, వేల్స్‌లో అధికారులు కూడా అలాగే అనుకున్నారు. 1918 నుంచి 1939 దాకా అక్కడ తల్లీబిడ్డల కోసం ప్రభుత్వ సేవలు అంతకుముందెన్నడూ లేనంతగా పెరిగాయి. ఊరూరా శిశు సంక్షేమ కేంద్రాలు తెరిచారు. పిల్లల పెంపకం మీద సలహాలిచ్చే హెల్త్ విజిటర్లు ఇంటింటికీ తిరిగారు. గర్భిణులకు విడిగా క్లినిక్‌లు వచ్చాయి.

ఫలితం చూడండి. 1900లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 154 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 1920కి ఆ అంకె 80కి దిగింది. 1930కి 60, 1939కి 51. నలభై ఏళ్లలో మూడో వంతుకు పడిపోయిందన్నమాట. తల్లుల అంకె మాత్రం కదల్లేదు. 1920లో ప్రతి వెయ్యి కాన్పులకు నలుగురికి పైగా తల్లులు చనిపోయారు. 1934 వచ్చేసరికి అది తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. ఏటా సుమారు 3 వేల మంది ఆడవాళ్లు. అదే ప్రభుత్వం, అవే క్లినిక్‌లు, అవే ఇళ్లు. పిల్లలు బతుకుతున్నారు, తల్లులు పోతూనే ఉన్నారు. ఎందుకు?

ఈ ప్రశ్న మీద ఆ కాలపు డాక్టర్లు, అధికారులు, మహిళా సంఘాలు ఇరవై ఏళ్లు వాదించుకున్నారు. పేదరికమే కారణమన్నారు కొందరు. తిండి చాలకన్నారు, వైద్యం సరిగా లేకన్నారు, ఆడవాళ్ల అజ్ఞానమన్నారు. ఇవన్నీ ఒకదానికొకటి చిక్కుపడిన దారాలు. ఒక్కొక్కటే విడదీసి చూడాలి.

రేపటి సైనికుడి కోసం

ముందు ఈ సేవ ఎవరి కోసం పుట్టిందో తెలియాలి. దక్షిణాఫ్రికాలో జరిగిన 1899-1902 బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరతామని వచ్చిన కుర్రాళ్లలో చాలామంది శరీర పరీక్షలో తప్పారు. బలహీనమైన ఛాతీ, పుచ్చిన పళ్లు, చాలని ఎత్తు. సామ్రాజ్యానికి సైనికులు దొరకరేమోనన్న భయంతో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 1904లో ఇచ్చిన నివేదిక తర్వాత పసిపిల్లల చావులు దేశ రక్షణ సమస్య అయిపోయాయి. పైగా జననాల రేటు తగ్గుతోంది. పుట్టేదే తక్కువైనప్పుడు పుట్టినవాళ్లనైనా నిలబెట్టుకోవాలన్న ఆత్రం పెరిగింది.

అదే ఏడాది హడర్స్‌ఫీల్డ్ అనే ఉన్ని మిల్లుల పట్టణంలో మేయర్ బెంజమిన్ బ్రాడ్‌బెంట్ ఒక పని చేశాడు. తను ఉండే లాంగ్‌వుడ్ ప్రాంతంలో ఆ ఏడాది పుట్టే ప్రతి బిడ్డ పేరా ఒక హామీ కార్డు ఇచ్చాడు. బిడ్డకు ఏడాది నిండితే ఒక పౌండ్ ఇస్తాడు. ఆ రోజుల్లో మిల్లు కూలీకి అది చిన్న మొత్తం కాదు. కార్డుతో పాటు బిడ్డను ఎలా పెంచాలో చెప్పే కాగితం, ఇంటికి వచ్చి చూసి వెళ్లే ఆడవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ పసిపిల్లల చావులు బాగా తగ్గాయి. దేశమంతా ఆ ఊరి వైపు చూసింది.

ఆ ప్రయత్నంలోనే ఒక చిన్న అడ్డంకి బయటపడింది. బిడ్డ పుట్టినట్టు రిజిస్టర్ చేయించడానికి చట్టం 42 రోజుల గడువు ఇచ్చేది. ఈలోగా చాలామంది పిల్లలు పోయేవారు. పుట్టిన సంగతే తెలియకపోతే ఇంటికి వెళ్లి చూసేదెవరు? అందుకే 36 గంటల్లోగా ఆరోగ్య అధికారికి కబురు అందాలన్న చట్టం 1907లో వచ్చింది. మొదట ఇష్టమైన ఊళ్లు పాటించవచ్చన్నారు, 1915లో దేశమంతటికీ తప్పనిసరి చేశారు. నా లెక్కలో తర్వాత వచ్చిన పెద్ద పెద్ద పథకాలన్నింటికంటే ఈ 36 గంటల నిబంధనే ఎక్కువ పని చేసింది. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో తెలియడంతోనే సేవ మొదలవుతుంది.

ఆ తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. కందకాల్లో యువకులు లక్షల్లో చనిపోతుంటే పుట్టే బిడ్డల విలువ ఇంకా పెరిగింది. 1917 జూలైలో జాతీయ శిశు వారోత్సవం జరిపారు. ఫ్రాన్స్‌లో సైనికుడిగా ఉండటం కంటే ఇంగ్లాండ్‌లో పసిబిడ్డగా ఉండటమే ప్రమాదమన్న మాట ఆ రోజుల్లో బాగా తిరిగింది. యుద్ధం ముగియడానికి మూడు నెలల ముందు, 1918 ఆగస్టులో, మాతాశిశు సంక్షేమ చట్టం వచ్చింది.

సేవల జాబితా చూస్తే ఆ చట్టం ఇప్పటికీ ముచ్చటేస్తుంది. గర్భిణులకు క్లినిక్, పిల్లలకు కేంద్రం, జీతం మీద పురుళ్లు పోసే మిడ్‌వైఫ్‌లు, కాన్పుల ఆసుపత్రి, కాన్పయిన ఇంట్లో వంటావార్పూ చూసే సహాయకురాలు, గర్భిణులకు, బాలింతలకు, ఐదేళ్లలోపు పిల్లలకు పాలు, తిండి. ఖర్చులో సగం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది. ప్రతి స్థానిక సంస్థా ఒక కమిటీ వేయాలి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి.

మెలిక ఒక్క మాటలో ఉంది. కమిటీ వేయడం తప్పనిసరి, సేవలు మాత్రం స్థానిక సంస్థ ఇష్టం. "ఇవ్వవచ్చు" అని రాశారే గానీ "ఇవ్వాలి" అని రాయలేదు. దాంతో డబ్బూ మనసూ ఉన్న పట్టణాలు అన్నీ పెట్టాయి, లేనివి ఒక తూకం బల్లతో సరిపెట్టాయి. బొగ్గు గనులూ ఓడల కార్ఖానాలూ మూతపడ్డ ప్రాంతాలకు పన్నుల ఆదాయమే తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ. 1935లో లండన్ చుట్టుపక్కల జిల్లాల్లో పసిపిల్లల మరణాలు వెయ్యికి 42 ఉంటే, ఈశాన్యాన ఓడల పని పోయి కుదేలైన జారో పట్టణంలో 114.

తూకం బల్ల దగ్గర

ఒక మామూలు కేంద్రం ఎలా ఉండేదో చూద్దాం. చాలాచోట్ల దానికి సొంత భవనం లేదు. వారానికి ఒకటి రెండు మధ్యాహ్నాలు చర్చి హాలునో మరో గదినో అద్దెకు తీసుకునేవారు. బయట పిల్లల బళ్లు వరసగా నిలబడి ఉంటాయి. లోపల తల్లులు బెంచీల మీద కూర్చుని పిల్లల బట్టలు విప్పి, తువ్వాల్లో చుట్టి, వంతు కోసం చూస్తుంటారు. వంతు రాగానే బిడ్డను తూకంలో పెడతారు. నర్సు బరువు చదువుతుంది, కార్డు మీద రాస్తుంది. పోయిన వారం కంటే పెరిగితే తల్లి ముఖం విచ్చుకుంటుంది. డాక్టరు ఉంటే చూస్తుంది, చాలాచోట్ల ఆమె కూడా ఆడమనిషే. ఒక బల్ల దగ్గర పాలపొడి డబ్బాలు కొన్న ధరకే ఇస్తారు. ఇంకో మూల టీ దొరుకుతుంది.

మన అంగన్‌వాడీలో నెలనెలా పిల్లల్ని తూచి, పెరుగుదల కార్డులో చుక్క పెట్టి, గీత పైకి పోతోందో లేదో చూసే పద్ధతి తెలిసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా అనిపించదు. ఆ తల్లులు అక్కడికి ఇష్టంగానే వెళ్లారు. నాలుగు గోడల మధ్య పిల్లలతో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు వారానికోసారి నలుగురితో మాట్లాడే చోటు అది.

కానీ ఆ హాలులో ఎంత వెతికినా ఒకటి కనిపించదు. తల్లి కోసం ఏమీ ఉండదు. బిడ్డను తూచిన మనిషి తల్లిని తూచదు. ఆమె ముఖం పాలిపోయి ఉందని, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, గర్భసంచి జారి నాలుగేళ్లుగా నొప్పి పడుతోందని రాసుకునే కార్డు లేదు.

ఇంకో సంగతి. ఆ కేంద్రం సలహా ఇస్తుంది గానీ వైద్యం చెయ్యదు. బిడ్డకు దగ్గు ముదిరితే "డాక్టరుకు చూపించు" అని పంపేస్తారు. ఊళ్లో ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్లు తమ పేషెంట్లు పోతారని గట్టిగా అభ్యంతరం చెప్పడంతో ఈ గీత గీశారు. మరి ఆ డాక్టరు ఫీజు ఎవరిస్తారు? 1911 జాతీయ బీమా చట్టం కింద పనిచేసే మనిషికి డాక్టరు ఉచితం. అతని భార్యకు, పిల్లలకు కాదు. కాన్పుకు 30 షిల్లింగులు ఇచ్చేవారు, అంతే. మొగుడికి జలుబు చేస్తే డాక్టరు దగ్గరకు వెళ్తాడు, పెళ్లానికి రక్తం పోతుంటే ఆమె ఓర్చుకుంటుంది. ఇంట్లో తిండి తక్కువైనప్పుడు ఆమే చివర తింటుంది. 1933లో మొదలైన ఒక మహిళా ఆరోగ్య విచారణ 1,250 మంది కార్మికుల భార్యల్ని అడిగితే బయటపడింది ఇదే. రక్తహీనత, తలనొప్పి, నడుం నొప్పి, కాళ్ల సిరలు ఉబ్బడం. వాళ్లలో ఎంతోమంది వీటిని జబ్బులుగా కూడా చెప్పలేదు. ఆడదాని ఒళ్లంటే ఇంతే అనుకున్నారు.

కాన్పుల మధ్య ఎడం గురించి అడిగినా నోరు మూసేవారు. 1922లో లండన్ ఉత్తరాన ఎడ్మంటన్‌లో డేనియల్స్ అనే హెల్త్ విజిటర్ గర్భనిరోధక సలహా ఎక్కడ దొరుకుతుందో తల్లులకు చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. మరో గర్భం ప్రాణానికి ముప్పయ్యే వివాహితలకు క్లినిక్‌లో సలహా ఇవ్వవచ్చని ఆరోగ్య శాఖ ఒప్పుకోవడానికి 1930 దాకా పట్టింది. ఆలోగా దారి లేనివాళ్లు దొంగచాటు గర్భస్రావాలకు వెళ్లారు. 1930ల చివర్లో ప్రభుత్వ కమిటీ ఒకటి వేసిన అంచనా ప్రకారం ఏటా లక్షా 10 వేల నుంచి లక్షా 50 వేల దాకా గర్భస్రావాలు జరిగేవి, వాటిలో సుమారు 40 శాతం చట్టవిరుద్ధంగా చేయించుకున్నవే. తల్లుల మరణాల్లో వాటి వాటా తక్కువేమీ కాదు.

పిల్లల అంకెల్లో కూడా ఒక సూచన దాగి ఉంది. తగ్గిన చావులు ఎక్కువగా నెల దాటిన పిల్లలవి. వేసవి విరేచనాలు, దగ్గు, పోషణ లోపం లాంటివి. మంచి నీళ్లు, కలుషితం కాని పాలు, చిన్న కుటుంబాలు, తల్లికి తెలిసిన మెళకువలు వాటిని తగ్గించాయి. అందులో కేంద్రాల వాటా ఎంత, మురుగు కాలవల వాటా ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకునే విషయం. కానీ పుట్టిన మొదటి నెలలో పోయే పిల్లల సంఖ్య చాలా నెమ్మదిగా తగ్గింది. ఆ చావులు పుట్టుక చుట్టూ జరిగేవి, కాన్పు ఎలా జరిగిందన్న దాని మీద ఆధారపడేవి. తల్లి ప్రాణం కూడా అక్కడే ఉంది.

డబ్బున్న ఇళ్లలోనే ఎక్కువ

ఇప్పుడు చిక్కుముడి నడిమికి వద్దాం. పేదరికం వల్లే తల్లులు పోతున్నారంటే పేద ఇళ్లలో చావులు ఎక్కువ ఉండాలి కదా. 1930-32 అంకెలు తీస్తే తారుమారుగా ఉంది. వృత్తి నిపుణులు, వ్యాపారస్తుల ఇళ్లలో వెయ్యి కాన్పులకు 4.4 మరణాలు, కూలి పని చేసేవాళ్ల ఇళ్లలో 3.9. తేడా పెద్దది కాదు, కానీ దిక్కు తిరగబడింది. పసిపిల్లల విషయంలో ఇలా ఎప్పుడూ జరగలేదు, అక్కడ పేదవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

పురిటి జ్వరం ఎలా వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. బిడ్డ పుట్టి మాయ పడ్డాక గర్భాశయం లోపల అది అతుక్కున్న చోటు పచ్చి పుండులా ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి అక్కడికి చేరితే రెండు మూడు రోజుల్లో జ్వరం, తర్వాత రక్తం విషమవడం. తల్లుల మరణాల్లో దాదాపు 40 శాతం ఇలాంటివే. ఈ సూక్ష్మజీవి మనుషుల గొంతులో, ముక్కులో ఉంటుంది. ఆరోగ్యంగా కనిపించే డాక్టరు గొంతులో కూడా ఉండొచ్చు. బలమైన తిండి తిన్న తల్లి పచ్చి పుండు మీద పడ్డా అది ఊరుకోదు.

డబ్బున్నవాళ్లు కాన్పుకు డాక్టర్ని పిలిచేవారు. ఆయన పొద్దున అదే సూక్ష్మజీవి తెచ్చే స్కార్లెట్ జ్వరం ఉన్న పిల్లాణ్ని చూసి, మధ్యాహ్నం పురుడు పొయ్యడానికి వచ్చేవాడు. ఆయనకు వేరే పేషెంట్లు ఉన్నారు, తొందర ఉంది. క్లోరోఫామ్ ఇచ్చి, ఫోర్సెప్స్ అనే పటకారు వేసి బిడ్డను లాగితే పని త్వరగా అయిపోతుంది. పరికరం లోపలికి వెళ్లిన ప్రతిసారీ సూక్ష్మజీవికి దారి దొరుకుతుంది. పేద ఇంటికి వచ్చే మిడ్‌వైఫ్ చేతిలో ఫోర్సెప్స్ లేవు, వాడే హక్కూ లేదు. కూర్చుని ఓపిగ్గా చూడటమే ఆమెకు తెలిసిన వైద్యం.

1902లో మిడ్‌వైఫ్ చట్టం వచ్చాక ఆమెకు చాలా నిబంధనలు పెట్టారు. ఉతకడానికి వీలైన దుస్తులు, లోపలి గుడ్డ తీసి ఉడకబెట్టగలిగే సంచి, అందులో గోళ్ల బ్రష్షు, క్రిమిసంహారక మందు, థర్మామీటరు. జ్వరం వస్తే డాక్టర్ని పిలవాల్సిందే. ఇవన్నీ మంచివే. కానీ అవే నిబంధనలు డాక్టరుకు లేవు. ఆయన సంచిని తనిఖీ చేసేవాళ్లెవరూ లేరు. మాస్కు వేసుకోమని చెప్పే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

సరిహద్దు దాటి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. నెదర్లాండ్స్, స్కాండినేవియా దేశాల్లో ఆ కాలంలో తల్లుల మరణాలు ఇంగ్లాండ్ కంటే బాగా తక్కువ. అక్కడ బాగా శిక్షణ పొందిన, గౌరవం ఉన్న మిడ్‌వైఫ్‌లు ఎక్కువగా ఇళ్లలోనే పురుళ్లు పోసేవారు. అమెరికాలో డాక్టర్ల జోక్యం ఇంకా ఎక్కువ, అక్కడ మరణాలూ ఇంగ్లాండ్ కంటే ఎక్కువ.

గర్భిణుల క్లినిక్‌లు మరి? 1929లో ఆరోగ్య శాఖ ఒక క్రమం రాసింది. 16వ వారంలో మొదటిసారి చూడాలి, తర్వాత 24, 28 వారాల్లో, ఆపైన 36 దాకా పదిహేను రోజులకోసారి, చివర్లో వారం వారం. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నో దేశాలు దాదాపు ఇదే వాడుకున్నాయి. కాగితం మీద బాగుంది. కానీ క్లినిక్‌లో చూసేది ఒకరు, పురుడు పోసేది ఇంకొకరు. క్లినిక్‌లో బీపీ ఎక్కువుందని తెలిసినా ఆ కబురు కాన్పు రోజు ఇంటికి వచ్చే మనిషికి చేరేది కాదు. 1928లో వేసిన ప్రభుత్వ కమిటీ నాలుగేళ్లలో దాదాపు 5,800 మరణాల్ని ఒక్కొక్కటిగా పరిశీలించింది. వాటిలో సగానికి కొంచెం తక్కువ కేసుల్లో నివారించగలిగిన లోపం ఏదో ఒకటి ఉందని తేల్చింది. గర్భంలో సరిగా చూడకపోవడం, చికిత్సలో పొరపాటు, సమయానికి ఆసుపత్రి దొరకకపోవడం. తల్లి చెప్పినట్టు వినలేదన్నవీ ఉన్నాయి, అయితే తప్పంతా వాళ్ల మీద నెట్టెయ్యడానికి ఆ నివేదిక వీలివ్వలేదు.

రెండు ఊళ్లు, రెండు జవాబులు

ఈ వాదంలో రెండు ఊళ్ల పేర్లు పదేపదే వస్తాయి.

ఒకటి లాంకషైర్‌లోని రాచ్‌డేల్. నూలు మిల్లుల ఊరు. 1930 ముందు అక్కడ తల్లుల మరణాలు వెయ్యికి 9కి దగ్గరగా ఉండేవి, దేశంలోనే అతి చెడ్డ అంకెల్లో ఒకటి. కొత్తగా వచ్చిన ఆరోగ్య అధికారి ఆండ్రూ టాపింగ్ ఊరందరినీ కూర్చోబెట్టి సభలు పెట్టాడు. డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు, క్లినిక్, ఆసుపత్రి ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేశాడు. కేసు కష్టమైతే వెంటనే స్పెషలిస్టు దగ్గరకు పంపే ఏర్పాటు చేశాడు. కొన్నేళ్లలోనే అంకె 2కు దగ్గరగా వచ్చింది. ఆ ఏళ్లలో ఊళ్లో నిరుద్యోగం తగ్గలేదు, తిండి పెరగలేదు, ఇళ్లు మారలేదు.

రెండోది దక్షిణ వేల్స్‌లోని రాండా లోయ. గనులు మూతపడి కుటుంబాలకు కుటుంబాలే ప్రభుత్వ భృతి మీద బతుకుతున్న చోటు. జాతీయ బర్త్‌డే ట్రస్ట్ ఫండ్ అనే సంస్థ తరఫున లేడీ జూలియట్ విలియమ్స్ అక్కడ ముందు వైద్య సేవల్ని మెరుగుపరచడానికి ప్రయత్నించింది. అయినా 1934లో మరణాలు వెయ్యికి 11 దాటాయి. అప్పుడు గర్భిణులకు తిండి పంచడం మొదలుపెట్టారు. పాలు, ఓవల్టీన్ అనే మాల్ట్ పానీయం, మార్మైట్ అనే ఈస్టు పేస్టు. 1935లో అంకె 5 కంటే దిగువకు పడింది.

ఒక ఊరు చేతులు ముఖ్యమంటుంది, ఇంకో ఊరు కంచం ముఖ్యమంటుంది. రాండా అంకెల్ని నమ్మి చాలామంది తిండే జవాబు అన్నారు, మనసుకు నచ్చే జవాబు కూడా అదే. కానీ ఒక లోయలో ఏడాదికి పోయే తల్లుల సంఖ్య చాలా చిన్నది, అలాంటిచోట అంకె ఒక్క ఏడాదిలో సగమైనా రెట్టింపైనా అదొక్కటే రుజువు కాదు. ఆ తిండి పంపకాన్ని మిగతా ప్రాంతాలకు విస్తరించేసరికి ఇంకో పెద్ద మార్పు వచ్చి లెక్కల్ని కలిపేసింది.

ఆ మార్పు ఒక ఎర్రటి రంగు మందు. పేరు ప్రాంటోసిల్. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ 1935 ఫిబ్రవరిలో దాని గురించి ప్రచురించాడు. లండన్‌లోని క్వీన్ షార్లట్స్ ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రూక్, మీవ్ కెన్నీ దాన్ని పురిటి జ్వరం వచ్చిన 38 మందికి ఇచ్చి 1936లో ఫలితాలు చెప్పారు. ముగ్గురు చనిపోయారు. అంతకుముందు అదే వార్డులో అలాంటి కేసుల్లో సుమారు నలుగురికి ఒకరు పోయేవారు. కోల్‌బ్రూక్ చెల్లెలు డోరా అప్పటికే ఇంకో ముఖ్యమైన పని చేసింది. చనిపోయిన తల్లుల్లో దొరికిన స్ట్రెప్టోకాకస్‌నూ, పురుడు పోసినవాళ్ల గొంతులో దొరికినదాన్నీ పోల్చి చూసి, చాలాసార్లు అవి ఒకటేనని చూపించింది. అన్నాచెల్లెళ్లలో ఒకరు దారి మూయమన్నారు, ఇంకొకరు దాటి వచ్చినదాన్ని చంపే మందు పరీక్షించారు.

అదే సమయంలో ఇంకో మూడు జరిగాయి. రక్తస్రావాన్ని ఆపే ఎర్గోమెట్రిన్‌ను 1935లో వేరుచేశారు. ఇంట్లో కాన్పు కష్టమైతే డాక్టరు, నర్సు, రక్తం తీసుకుని ఆ ఇంటికే పరుగెత్తే బృందాలు 1933లో స్కాట్లాండ్‌లోని బెల్స్‌హిల్‌లో, 1935లో న్యూకాసిల్‌లో మొదలయ్యాయి. తల్లిని తీసుకెళ్లడం కాక వైద్యమే తల్లి దగ్గరకు వెళ్లిన 108 అనుకోండి. 1936లో కొత్త మిడ్‌వైఫ్ చట్టం వచ్చింది. ఈసారి "ఇవ్వవచ్చు" కాదు. ప్రతి ప్రాంతంలోనూ జీతం మీద పనిచేసే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను స్థానిక సంస్థ ఏర్పాటు చేయాల్సిందే. పద్దెనిమిదేళ్ల ముందు రాయాల్సిన మాట అది. స్ట్రెప్టోకాకస్ కూడా ఆ రోజుల్లో తనంతట తాను కొంత బలహీనపడి ఉండవచ్చని కొందరు అంటారు, స్కార్లెట్ జ్వరం మరణాలు తగ్గడం దానికి ఆధారంగా చూపుతారు. కారణాలు ఎన్ని కలిసినా 1939కి తల్లుల మరణాలు వెయ్యికి 3 దగ్గరకు దిగాయి. 1950కల్లా ఒకటి కంటే తక్కువ.

మరి తిండి?

ఇక్కడ ఆగితే తిండికీ తల్లి ప్రాణానికీ సంబంధం లేదన్న తప్పు అర్థం వస్తుంది. ఇంగ్లాండ్‌లో తల్లుల్ని చంపిన వాటిలో సూక్ష్మజీవిదే పెద్ద చెయ్యి కాబట్టి అక్కడ అంకెను ప్రధానంగా కదిలించింది చేతులూ మందులూ. అయితే చనిపోకపోయినా నీరసంతో నలభై ఏళ్లకే ముసలిదైపోయిన ఆ 1,250 మందిలోని తల్లికి కావాల్సింది తిండే. ఇక తల్లులు నేరుగా రక్తహీనతతోనే పోయే దేశం ఒకటుంది. మనది.

ఇక్కడి ఆరోగ్య సేవల్ని పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారం బ్రిటిష్ ఇండియాలో వెయ్యి కాన్పులకు సుమారు 20 మంది తల్లులు చనిపోయేవారు, ఏడాదికి 2 లక్షల మంది. ఇంగ్లాండ్‌లో అంతకు పదేళ్ల పైచిలుకు ముందే 4 అన్నదే ఘోరమని గగ్గోలు పెట్టారు. 1937లో మన పసిపిల్లల మరణాలు వెయ్యికి 162, అక్కడ 58. ఆ సేవల చట్టాలేవీ సముద్రం దాటి ఇటు రాలేదు. ఇక్కడ ఉన్నవి కొన్ని విరాళాల నిధులు, మిషన్ ఆసుపత్రులు, మంత్రసానులకు అక్కడక్కడా ఇచ్చిన శిక్షణ.

కానీ ఒక మనిషి వచ్చింది. గర్భిణుల మరణాల మీద ఇక్కడ విచారణ నడిపిస్తున్న డాక్టర్ మార్గరెట్ బాల్‌ఫోర్ పిలుపు మీద 1928లో లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి చేరింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు విపరీతమైన రక్తహీనత వచ్చి చనిపోతున్నారు. ఎందుకో ఎవరికీ తెలియదు. విల్స్ వాళ్ల ఇళ్లకు వెళ్లింది, ఏం తింటున్నారో రాసుకుంది. కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసింది. 1931లో మద్రాసులోని క్యాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో ఉంది. ఘోషా ఆసుపత్రి అన్న పేరు విశాఖ వాళ్లకు కొత్త కాదు, పరదా పాటించే ఆడవాళ్లు కూడా రాగలిగేలా పెట్టిన ఆసుపత్రులకు ఆ పేరు వచ్చింది. మద్రాసు అప్పట్లో కోస్తా, రాయలసీమలకు కూడా రాజధానే.

విల్స్ ముందు ఎలుకల మీద, తర్వాత కోతుల మీద రకరకాల ఆహారాలు పెట్టి చూసింది. రక్తం తగ్గిపోయిన కోతికి మార్మైట్ పెడితే తేరుకుంది. మార్మైట్ అంటే ఈస్టు నుంచి తీసిన నల్లటి చిక్కటి పేస్టు, ఉప్పగా ఉంటుంది, చవక. గర్భిణులకు ఇచ్చింది. రోజుల్లోనే రక్తంలో కొత్త కణాలు కనిపించడం మొదలైంది. 1931లో ఆమె ఈ ఫలితాల్ని ప్రచురించింది. అందులో పనిచేసింది ఏమిటో మాత్రం ఆమెకు తెలియదు, చాలాకాలం దాన్ని "విల్స్ ఫ్యాక్టర్" అన్నారు. రాండా లోయలో తల్లులకు పంచిన తిండిలో కూడా అదే మార్మైట్ ఉందన్న సంగతి గుర్తుండే ఉంటుంది.

1941లో పాలకూర జాతి ఆకుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, మందుగా ఇవ్వగలిగేలా చేసింది అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం, 1945లో. ఆ పరిశోధనకు నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకూ పనిచేసింది, విల్స్ చూసిన తల్లుల రక్తహీనతకూ పనిచేసింది.

ఇప్పుడు మన ఊళ్లో గర్భిణికి ఏఎన్ఎమ్ ఇచ్చే ఎర్ర మాత్ర అదే, ఇనుముతో కలిపి. రోజుకొకటి, 180 రోజులు. అన్నం తిన్నాక వేసుకోమంటుంది, టీతో మాత్రం వేసుకోవద్దంటుంది. అదే పూట తల్లిని కూడా తూకం మీద నిలబెట్టి, వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూసి, కార్డులో రాస్తుంది. ఆ కార్డులో తల్లికి విడిగా పేజీలున్నాయి. మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు.